కనీస వేతన పోరాటాలు - మన పాత్ర

(కంచన్‌బాగ్‌లో విశ్రాంత ఉద్యోగుల సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కనీస వేతనం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. పక్కనే ఉన్న మిత్రుడు, "పింఛను తీసుకుంటున్నాం, ఇంకా కనీస వేతనంతో మనకేం పనండీ?" అన్నారు. పని ఉంది. మన మూల వేతనం ఏ లెక్కతో కట్టారో చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

1957 జులైలో ఢిల్లీలో 15వ భారత కార్మిక మహాసభ జరిగింది. అప్పటి కార్మిక మంత్రి గుల్జారీలాల్ నందా గారు. ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు కూర్చుని ఒక లెక్కకు ఒప్పుకున్నాయి. సంపాదించే మనిషి మీద ముగ్గురు పెద్దల తిండి ఖర్చు, ఒక్కొక్కరికి రోజుకు 2700 కేలరీలు, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, దీపం, పై ఖర్చులకు మొత్తంలో 20 శాతం. ఆ కేలరీల లెక్క డాక్టర్ ఆక్రాయిడ్‌ది. ఆయన డైరెక్టరుగా పనిచేసిన కూనూరు ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి తర్వాత తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అయింది. అంటే మన జీతానికి మూలమైన లెక్కకు మన ఊరితో బంధుత్వం ఉందన్నమాట!

ఒప్పుకోవడం వేరు, ఇవ్వడం వేరు. రెండో పే కమిషన్ ఆ లెక్కను పక్కన పెట్టింది. 1960 జులై 11 అర్ధరాత్రి నుంచి కేంద్ర ఉద్యోగులు అయిదు రోజులు సమ్మె చేశారు. రైల్వేల్లో పీటర్ ఆల్వారిస్, రక్షణ శాఖ ఉద్యోగుల్లో ఎస్.ఎం. జోషీ వంటి సోషలిస్టులు, వారితో పాటు కమ్యూనిస్టులు ముందు నడిచారు. ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి అణచింది. 1968 సెప్టెంబరు 19న అదే కోరికతో మళ్లీ ఒక రోజు సమ్మె. పఠాన్‌కోట్‌లో కాల్పులు జరిగి రైల్వే కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఎందరి ఉద్యోగాలో పోయాయి. చివరికి ఏడో పే కమిషన్ ఆ 1957 లెక్కనే పట్టుకుని కనీస వేతనం 18,000 రూపాయలని తేల్చింది. అది 2016 జనవరి 1 నుంచి అమలైంది. మనలో డీఆర్‌డీవో నుంచి వచ్చినవారి పింఛను సవరణకు ఆధారం ఆ కమిషనే.

ఇక మన గేటు దగ్గరికి వద్దాం. తోటపని, ఊడ్చేపని, క్యాంటీను, లోడింగు, కాపలా - ఇవన్నీ ఇప్పుడు కాంట్రాక్టు మీద నడుస్తున్నాయి. 2016 సెప్టెంబరు 2న దేశవ్యాప్త సమ్మెలో కార్మిక సంఘాలు అడిగిందేమిటి? సర్కారు తన చివరి ఉద్యోగికి లెక్కకట్టిన ఆ 18,000నే అందరికీ ఇవ్వమన్నాయి. కడుపు ఒక్కటే కదా! సమ్మెకు మూడు రోజుల ముందు ప్రభుత్వం 'సి' ప్రాంతాల్లో రోజు కూలిని 246 నుంచి 350కి పెంచుతామంది. 2017 జనవరిలో వచ్చిన ఉత్తర్వులో హైదరాబాదు వంటి 'ఎ' ప్రాంతాలకు 523 అయింది. 26 రోజులకు 13,598 రూపాయలు. అడిగింది రాలేదు, అడగకపోతే అదీ వచ్చేది కాదు.

2024 అక్టోబరులో ఆ కూలి 783 అయింది, నెలకు 20,358. బాగానే ఉందనిపిస్తుంది. అదే సమయంలో 18,000 మీద 53 శాతం కరువు భత్యం కలిస్తే 27,540, ఇంటి అద్దె భత్యం కాకుండా. తేడా ఏడు వేల పైచిలుకు. పైగా ఈ 783 కేంద్ర పరిధిలోని పనులకే. ప్రహరీ దాటితే రాష్ట్రం నిర్ణయించిన కూలి. అయిదేళ్లకు మించకుండా సవరించాలని 1948 చట్టం చెప్పినా చాలా రంగాల్లో అది జరగలేదు. 2021 జూన్‌లో అయిదు రంగాలకు జీవోలు వచ్చాయి, గెజిట్‌లో అచ్చు కాలేదు. జీవోకూ గెజిట్‌కూ మధ్య ఎంత దూరమో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. 2025 నవంబరు 21 నుంచి పాత చట్టం స్థానంలో వేతనాల కోడ్ వచ్చింది. చట్టం మారినా, స్లిప్పు చదివి ఇది తక్కువని చెప్పే మనిషి లేకపోతే ఆ కూలీకి ఒరిగేదేమీ లేదు.

అలా చెప్పే మనుషులు ఈ నగరానికి కొత్త కాదు. సిటీ కాలేజీలో ఉద్యోగం వదిలేసిన మఖ్దూం మొహియుద్దీన్ గారు, రాజ్ బహదూర్ గౌర్ గారు నిజాం రోజుల్లోనే కార్మికుల మధ్య తిరిగి, 1946లో ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌ను నిలబెట్టారు. 2015 జులైలో పారిశుద్ధ్య కార్మికులు చీపుళ్లు దించితే నగరమంతా చెత్త కుప్పలయింది. మనమూ ముక్కు మూసుకుని తిట్టుకున్నాం. ఆ సమ్మెలోనే నగర కార్మికుల జీతం 8,500 నుంచి 12,500 అయింది. గడువులోగా పనిలోకి రాని కొందరి ఉద్యోగాలు పోయాయి కూడా. పెంపు పత్రికల్లో పెద్ద అక్షరాల్లో వచ్చింది, పోయినవారి ఊసు అంతగా రాలేదు.

మనలోనూ రెండు రకాల వాళ్లం ఉన్నాం. కేంద్ర పింఛనుదారులకు జనవరి, జులైలలో కరువు ఉపశమనం అడగకుండానే వస్తుంది. ప్రభుత్వ రంగ సంస్థల నుంచి వచ్చి 1995 నాటి భవిష్యనిధి పింఛను మీద ఉన్నవారికి అది లేదు. 2014లో నిర్ణయించిన కనీస పింఛను వెయ్యి రూపాయలు. ధరలతో పాటు పెరగని డబ్బు ఎలా ఉంటుందో వారికి తెలుసు. మరి మన ఇళ్లలో అంట్లు తోమే అమ్మకు కిందటిసారి ఎప్పుడు పెంచామో ఇంటికెళ్లి ఆడవాళ్లను అడగండి. వాళ్లకు గుర్తుంటుంది.

ఈ వయసులో జెండాలు మోయమని నేను అడగడం లేదు. మనలో అకౌంట్స్‌లో చేసినవాళ్లున్నారు, ఎస్టాబ్లిష్‌మెంట్‌లో చేసినవాళ్లున్నారు. ఆదివారం ఉదయం రెండు గంటలు సంఘం గది తెరిచి ఉంచుదాం. కాంట్రాక్టు కార్మికులు జీతం స్లిప్పు, పీఎఫ్ కాగితం, బ్యాంకు పాసుపుస్తకం తెస్తారు. ఎన్ని రోజులు పని, ఎంత కోత, కోసింది జమ అయిందా లేదా చూసి చెబుదాం. బ్యాంకులో పడ్డ డబ్బులో కొంత మేస్త్రీకి తిరిగి ఇవ్వాల్సి వచ్చే చోట్లు కూడా ఉంటాయి. అది స్లిప్పులో కనపడదు, మెల్లగా అడిగితేనే చెబుతారు. అర్జీ రాయాల్సి వస్తే రాద్దాం, సంతకం మాత్రం వాళ్లదే. వాళ్ల సంఘం పిలిస్తే గేట్ మీటింగుకు వెళ్లి ముందు వరుసలో కూర్చుందాం. తెల్ల వెంట్రుకలు కనిపిస్తే సెక్యూరిటీ వాళ్లు కాస్త మర్యాదగా మాట్లాడతారు.

కార్యవర్గం ఒప్పుకుంటే వచ్చే ఆదివారమే మొదలుపెడదాం. కళ్లద్దాలు మరిచిపోకండి, ఆ స్లిప్పుల్లో అక్షరాలు మరీ చిన్నవి.