మూలబడిన సైనిక మోటారు సైకిళ్లు
(రేడియో ప్రసంగ పాఠము)



ఆ మధ్య కోరుట్ల సమీపమున ఒక పల్లెలో బంధువుల యింటికి పోయినప్పుడు, పశువుల కొట్టములో గడ్డిమోపుల వెనుక ఒక మోటారు సైకిలు కనబడినది. టైర్లు నేలకు అంటుకొనిపోయినవి. టాంకుపై నల్లరంగు పెచ్చులూడి, దాని క్రింద ముదురాకుపచ్చ రంగు తొంగిచూచుచుండెను. ఇంటి పెద్ద నన్ను చూచి, “మా నాయిన మిలిట్రీ వేలంల కొన్నడు బిడ్డా. మా పోరడు దుబాయి నుంచి ఫోను జేసి పాత ఇనుపసామానోనికి ఏసెయ్ అంటున్నడు. ఏం జెయ్యమంటవు?” అని అడిగెను. ఆ ప్రశ్నకు నాకు తోచిన సమాధానమే ఈ ప్రసంగము.

రెండవ ప్రపంచ యుద్ధమున భారత సైన్యములో చేరినవారు సుమారు 25 లక్షలమంది. టెలిఫోను తీగలు తెగినచోట, వైర్‌లెస్ మాట శత్రువు చెవిని బడునను భయమున్నచోట, ఉత్తరువులను మోసికొనిపోయినది మోటారు సైకిలు. బ్రిటిషు సైన్యముకొరకు బి.ఎస్.ఏ. ఎం.20 బండ్లు లక్షకు పైగా తయారైనవి. నార్టన్ 16 హెచ్., మాచ్‌లెస్ జి.3 ఎల్., అమెరికా వారి హార్లీ డేవిడ్‌సన్ డబ్ల్యు.ఎల్.ఏ. ఆ కాలమునాటివే. రాయల్ ఎన్‌ఫీల్డు వారి ‘ఫ్లయింగ్ ఫ్లీ’ యను చిన్న బండిని ఇనుప చట్రములో బిగించి విమానము నుండి పారాషూటుతో దింపెడివారు.

యుద్ధము ముగిసిన పిమ్మట మిగిలిన సామగ్రిని ప్రభుత్వము ‘డిస్పోజల్సు’ పేర అమ్మివేసినది. స్వాతంత్ర్యానంతరము మన సైన్యము రాయల్ ఎన్‌ఫీల్డు 350 సి.సి. బుల్లెట్టును ఎంచుకొన్నది. 1955లో ఇంగ్లండులోని రెడ్డిచ్ కంపెనీ, మద్రాసు మోటార్సుతో కలిసి ఎన్‌ఫీల్డు ఇండియాను నెలకొల్పగా, మద్రాసు చేరువనున్న తిరువొత్తియూరులో ఆ బండ్లు తయారు కాజొచ్చినవి. సేవాకాలము ముగిసిన బండి వేలములో చేతులు మారి పల్లె చేరుట వింత గాదు. కావున జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములలో వెదకువారికి దొరకునది బుల్లెట్టు అగుటకే అవకాశము హెచ్చు.

ఇక గుర్తించుట ఎట్లు? ఆకుపచ్చ రంగు సాక్ష్యము గాదు. ఆ రంగు అంగడిలో డబ్బాలలో దొరకును. రంగు చూచి ధర కట్టినవాడు మోసపోవును. యుద్ధకాలపు బ్రిటిషు బండి టాంకుపై ‘సి’ అక్షరముతో మొదలగు సంఖ్య వ్రాయబడెడిది. సైన్యమునకు చేసిన బి.ఎస్.ఏ. చట్రముపై ‘డబ్ల్యు.ఎం.20’ అని కొట్టబడియుండును. భారత సైన్యపు నంబరు పలకపై పైకి చూచు బాణపు గుర్తును, వాహనము తీసికొనిన సంవత్సరపు రెండంకెలును ఉండును. చట్రము సంఖ్యను, ఇంజను సంఖ్యను పాత ఆర్.సి. పుస్తకముతోను, వేలపు రశీదుతోను సరిచూడవలెను. ఆ రశీదు ట్రంకుపెట్టె అడుగున భూమి కాగితముల నడుమ ఉండవచ్చును, ఓపికతో వెదకుడు. సంఖ్య చెరిగియున్నచో చెరిగినట్లే ఉంచుడు. క్రొత్త సంఖ్య కొట్టించుట నేరము.

కాపాడుటలో మొదటి నియమము: తొందరపడి కిక్కు కొట్టరాదు. ఏండ్ల తరబడి నిలిచిన ఇంజనులో పిస్టను సిలిండరునకు పట్టుకొనియుండవచ్చును. స్పార్కు ప్లగ్గు తీసి, ఆ రంధ్రమున కొంచెము డీజిలును నూనెయు కలిపి పోసి, కొన్ని దినములు నాననిచ్చి, పిదప బండిని పై గేరులో నుంచి వెనుక చక్రమును చేతితో మెల్లగా కదల్పవలెను. పశువుల కొట్టము నుండి బండిని వెంటనే బయటికి తీయవలెను. అచటి మూత్రపు ఆవిరి ఇత్తడిని చెరచును. విప్పుటకు ముందు ప్రతి భాగమునకు ఫోటో తీయవలెను. ఇప్పటి పెట్రోలులో ఎథనాలు కలియుచున్నది. అది తేమను పీల్చును, పాత రబ్బరును పాడుచేయును. కావున బండిని నిలిపియుంచు కాలమున టాంకును, కార్బురేటరును ఖాళీ చేయవలెను.

దొరకని చిన్న భాగమును లేతుపై చేయించుకొనవచ్చును. మరమగ్గములు నడచు సిరిసిల్లలో ఇనుముతో పరిచయమున్న చేతులకు కొదువ యుండదు. అయితే అరిగిన పాత భాగమును పారవేయక, చీటీ కట్టి డబ్బాలో దాచుడు. మిగిలియున్న పాత రంగును గీకకుడు. జగిత్యాలలోని నక్షత్రాకారపు కోటకు ఎవరైన తళతళలాడు రంగు పూసినచో మనము మెచ్చుకొందుమా? బండికిని అదే న్యాయము.

చట్టము సంగతియు తెలిసికొనవలెను. 2021లో కేంద్ర ప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటి, మూలరూపము మారని వాహనము ‘వింటేజి’ వాహనమగును. క్రొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, తిరిగి రిజిస్ట్రేషనుకు 5,000 రూపాయలు రుసుముగా నిర్ణయించిరి. నంబరులో ‘వి.ఏ.’ అను అక్షరములుండును. అట్టి బండిని ప్రదర్శనకు, సాంకేతిక పరిశోధనకు, పాత వాహనముల ర్యాలీకి, పెట్రోలుకు, మరమ్మతుకు నడుపవచ్చును గాని నిత్యము సంతకు పోవుటకు గాదు.

ఇదియంతయు విని ఆ పెద్దాయన కొంతసేపు ఊరకుండెను. పిదప కండువాతో టాంకు మీది దుమ్ము తుడిచి, “ఈ వారం అమ్మ తియ్. పోరడు వచ్చినంక ఇద్దరం జూసుకుంటం” అనెను. రశీదు ఇంకను దొరకలేదు. అది దొరకువరకు ఆ బండి సైన్యముదని నేను రూఢిగా చెప్పను. కాని ఆ యింటివారికి అది తండ్రి బండి యనుటకు ఏ రశీదును అక్కరలేదు.

మీ వాకిట ఇనుపసామాను బండి నిలిచిననాడు, వానిని ఒక్క వారము గడువడుగుడు. తూకమునకు పోయిన ఇనుము మరల మోటారు సైకిలు కానేరదు.

సెలవు.