బొమ్మలో లేనిది
(సాహిత్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

పక్క హాల్లో సినిమా తారల ముఖాముఖి జరుగుతున్నా దాన్ని వదులుకుని ఈ గదిలోకి వచ్చిన సాహితీమిత్రులకు నమస్కారం. మీ త్యాగం చిన్నది కాదు.

రాయడానికి ఏమీ తోచనప్పుడు అంతర్జాలంలో బొమ్మలు వెదికి కథావస్తువు పట్టుకోవడం ఎలాగో చెప్పమని నిర్వాహకులు అడిగారు. నేను కంప్యూటరు నిపుణుణ్ణి కాను, లెక్కలు రాసుకుని బతికేవాణ్ణి. దుబాయిలో అల్ కుసైస్ అనే పేటలో ఉంటాను. దుబాయికి ఈ చివర, షార్జాకి ఆ చివర. మా బాల్కనీలో నిలబడితే ఎదురింటి ఏసీ డబ్బాలు, ఆరేసిన బట్టలు, వాటి మీదుగా విమానాశ్రయంలో దిగబోయే విమానాలు కనబడతాయి. తెలుగు కథకుడికి పనికొచ్చే దృశ్యం ఒక్కటీ లేదని చాలా ఏళ్ళు అనుకున్నాను. అందుకే నా కథలన్నిటిలో ఒకటే రావిచెట్టు, ఒకటే బావి, ఒకటే నాయనమ్మ. ఆ రావిచెట్టు కొట్టేసి ఇరవై ఏళ్ళయింది. పాఠకులు మర్యాదస్తులు కనక ఏమీ అనలేదు.

బొమ్మ చూసి కథ చెప్పడం మనకి కొత్త కాదు. చందమామలో ఫోటో వ్యాఖ్యల పోటీ ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటుంది. రెండు ఫోటోలు వేసి, రెంటికీ జతకుదిరే వ్యాఖ్యలు రాయమనేవారు. మనలో ఎంతమంది మొదటిసారి "రాసింది" ఆ పోస్టుకార్డు మీదో! ఇంకా వెనక్కి వెడితే తెలంగాణలో చేర్యాల పటాలున్నాయి. ఖద్దరు బట్టకి చింతగింజల అంబలి, తెల్లసుద్ద పూసి, దాని మీద నకాషీ చిత్రకారులు గళ్ళు గళ్ళుగా కథంతా గీస్తారు. కూనపులివారు ఆ పటం చుట్ట విప్పుతూ పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు. ముందు బొమ్మ విప్పుకుంటుంది, దాని వెనకాల మాట వస్తుంది. నేను చెప్పబోయేది అదే పని, పటం బదులు ఫోను అంతే.

పనిముట్ల సంగతి త్వరగా ముగిస్తాను. గూగుల్ బొమ్మల శోధన 2001లో వచ్చింది. అంతకు ముందు ఏడాది గ్రామీ ఉత్సవానికి జెనిఫర్ లోపెజ్ వేసుకొచ్చిన ఆకుపచ్చ గౌను కోసం జనం ఎగబడి వెదకడంతో ఆ అవసరం తెలిసొచ్చిందని ఆ సంస్థ వాళ్ళే చెప్పుకున్నారు. సాహిత్యానికి అంత మేలు చేసిన గౌను మరొకటి ఉండదు. ఆ రోజుల్లోనే కార్టూ అని ఫ్రాన్సు వాళ్ళది ఒకటి ఉండేది. ఒక మాట కొడితే ఫలితాలను జాబితాగా కాక పటంలాగా పరిచి, మధ్యమధ్య సంబంధం ఉన్న మాటలు చూపించేది. 2010లో మూతపడింది. గూగుల్ కూడా 2009లో వండర్ వీల్ అని ఒక చక్రం పెట్టి, 2011లో తీసేసింది. అదే 2011లో మాటకి బదులు బొమ్మనే ఇచ్చి వెదికే వీలు వచ్చింది. 2017లో లెన్స్ వచ్చాక ఫోను కెమెరా ఎదురుగా ఏది పెట్టినా అదేమిటో చెబుతోంది. చాలాసార్లు సరిగ్గానే చెబుతోంది. మా ఆవిడ చేసిన పూతరేకును మాత్రం టిష్యూ కాగితం అంది.

నేను మొదట చేసిన తప్పు, ఇంగ్లీషులో వెదకడం. బావి కథ ఒకటి రాద్దామని ఇంగ్లీషులో బావి అని కొట్టాను. చమురు బావులు వచ్చాయి. ఉంటున్న దేశం అలాంటిది, కంప్యూటరును తప్పు పట్టలేను. తరవాత తెలుగు లిపిలో "గిలక బావి" అని కొట్టాను. ఇక చూడండి! ఎవరో కాలేజీ కుర్రాళ్ళు సెలవుల్లో తీసుకున్న ఫోటోలు, ఎవరింటి పెళ్ళిలోనో బిందెలతో నిలబడ్డ ఆడపడుచులు, గట్టు మీద ఎండుతున్న మిరపకాయలు. ఇంగ్లీషు మాటకి అమ్మకానికి పెట్టిన బొమ్మలు వస్తాయి. తెలుగు మాటకి మనుషుల ఇళ్ళలోంచి బొమ్మలు వస్తాయి. కవ్వం, దాలి, గాదె, ఉట్టి, ఏతం... మీకు తెలిసిన మాటలు ఒక్కొక్కటే కొట్టి చూడండి. కొన్నింటికి ఒక్క బొమ్మా రాదు. అది కూడా ఒక కథే.

ఇప్పుడు నేను చేసిన రెండో తప్పు చెప్పాలి. ఇది చెప్పడానికే ఇంత దూరం వచ్చాననుకోండి.

ఆ బావి బొమ్మల్లో ఒకటి నన్ను వదల్లేదు. గట్టు మీద ఒక ముసలామె, ఒడిలో ఖాళీ బిందె, చూపు దారి వైపు. రెండు రాత్రుల్లో కథ అయిపోయింది. ఆమె కొడుకు గల్ఫ్ వెళ్ళాడు, అక్కడ కట్టడం మీదనుంచి పడి పోయాడు, ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు, ఆమె రోజూ దారి చూస్తూ కూచుంటుంది. బాగా వచ్చిందనే అనుకున్నాను. ఒక పత్రికకు పంపుతూ, ఆ ఫోటో కూడా జతచేశాను. ఎవరు తీశారో, ఎక్కడ తీశారో చూడలేదు. అంతర్జాలంలో ఉంది కనక అందరిదీ అనుకున్నాను. వాళ్ళు కథతోపాటు ఫోటో వేశారు.

నెల తరవాత రాయచోటి వైపునుంచి ఒకబ్బాయి నా నెంబరు సంపాదించి ఫోను చేశాడు. "ఆమె మా అవ్వ సార్," అన్నాడు. "మీరు సంపేసింది మా చిన్నాయన్ని. ఆయన కువైట్‌లో డ్రైవరు, బాగుండాడు." ఎవరో చదివి వినిపించారట. ఆమె రెండు పూటలు అన్నం ముట్టలేదట. కొడుకుతో ఫోనులో మాట్లాడించినా నమ్మలేదట. "పత్రికలో ఊరికే రాస్తారా" అందట.

నాకు నోట మాట రాలేదు. అచ్చయిన మాట మీద మన పెద్దవాళ్ళకు ఉన్న నమ్మకం ఎంతటిదో నాకు అప్పుడే తెలిసింది. క్షమాపణ చెప్పాను. ఆ అబ్బాయి కోపగించుకోలేదు. ఒక్కటే అడిగాడు: "ఇంగో కథ రాయండి సార్. దాంట్లో మా చిన్నాయన ఇంటికి రావాల."

రాశాను. కొడుకు వస్తాడు, బిందె నిండుతుంది, అంతే కథ. కథగా అది బాగాలేదని నాకు తెలుసు. ఏ పత్రికకూ పంపలేదు. పెద్ద అక్షరాలతో ముద్రించి, పత్రికలో పేజీలాగే రెండు కాలమ్‌లు చేసి, రాయచోటికి పోస్టు చేశాను. ఆమె ఆ కాగితం దేవుడి పటం వెనక పెట్టుకుందని విన్నాను. నా కథల్లో దేనికీ అంతకన్నా మంచి చోటు దొరకలేదు.

అప్పటినుంచి ఒక అలవాటు చేసుకున్నాను. ఏ బొమ్మ నచ్చినా, ముందు ఆ బొమ్మనే ఇచ్చి వెనక్కి వెదుకుతాను. మొదట ఎక్కడ కనబడింది, ఎవరు తీశారు, ఏ ఊరు. మనిషి ముఖం ఉంటే ఆ ముఖాన్ని కథలోకి తీసుకోను. గట్టు తీసుకుంటాను, బిందె తీసుకుంటాను, బిందె మీది సొట్ట తీసుకుంటాను.

ఇక అసలు పాఠం నాకు నేర్పినవాడి గురించి. మాకు దగ్గర్లోనే ముహైస్నా ఉంది. అక్కడి కూలీల క్యాంపుల పేటను మనవాళ్ళు సోనాపూర్ అంటారు. సెలవు రోజున మా ఇంట్లో నలుగురైదుగురం కూచుని రాసుకున్నవి చదువుకునేవాళ్ళం. ఒకసారి నిజామాబాద్ జిల్లా తమ్ముడు ఒకతను వచ్చాడు. షట్టరింగ్ కార్పెంటరు. వినడానికి వచ్చాడు, రాయమంటే నవ్వాడు. "ఏముంటది అన్నా రాయనీకి? పొద్దుగాల లేస్తం, బస్సెక్కుతం, వస్తం, వండుకుంటం, పంటం."

నా విద్య ప్రదర్శిద్దామని, ఫోనులో దుబాయి కూలీల గదులు అని వెదికి చూపించాను. ఇనుప మంచాలు, ఒకదాని మీద ఒకటి. ఆరేసిన లుంగీలు. అన్నిట్లోనూ దిగాలు ముఖాలు. అతను ఒక్కొక్కటే జరుపుతూ చాలాసేపు చూశాడు. చివరికి అన్నాడు: "ఇవన్ని మసొంటి రూములే అన్నా. కని మా రూము కాదు."

"ఏం తేడా?" అన్నాను.

"పలక లేదు" అన్నాడు. పలక అంటే రాసుకునేది కాదు. సైటులో మిగిలిన ప్లైవుడ్ ముక్కతో అతను తన మంచం పక్కన గోడకి బిగించుకున్న చిన్న అర. దాని మీద ఫోను ఛార్జరు, ఇంటినుంచి వచ్చిన కారప్పొడి డబ్బా, ఎల్లమ్మ తల్లి ఫోటో, బిడ్డ స్కూలు ఫోటో. అది చూసి పక్కవాడు చేయించుకున్నాడు, ఆ పక్కవాడు చేయించుకున్నాడు. మొత్తం గదిలో ఎనిమిది పలకలు. ఎవరైనా దేశం వెళ్ళిపోతే అతని పలక ఎవరిదవ్వాలన్నది పెద్ద పంచాయితీ. మంచం గురించి ఎవరూ కొట్లాడరు, పలక గురించి కొట్లాడతారు. ఒకసారి తనిఖీకి వచ్చినవాళ్ళు గోడకి మేకులు కొట్టకూడదని అన్నీ పీకించేస్తే, ఆ రాత్రి గదిలో ఎవరూ వండుకోలేదట.

"ఇది రాయి" అన్నాను. నాలుగు పేజీలు రాసుకొచ్చాడు. చదివినప్పుడు మా గదిలో ఎవరూ టీ ముట్టలేదు. పాతికేళ్ళుగా రాస్తున్న నాకు, అదే పేటలో ఉంటున్న నాకు, పలక సంగతి తెలియదు. వందల బొమ్మలు చూపించిన యంత్రానికీ తెలియదు. కాని ఆ బొమ్మలు చూపించకపోతే అతనికీ అది చెప్పదగ్గ సంగతి అని తోచేది కాదు. కనక నేను ఇప్పుడు ఎవరికి చెప్పినా ఒక్కటే చెబుతాను: నీకు బాగా తెలిసిన చోటు పేరు కొట్టు, వచ్చిన బొమ్మలు చూడు, "ఇది కాదే" అని ఎక్కడ అనిపిస్తుందో అక్కడ ఆగు.

ఈ మధ్య ఆ "ఇది కాదే" మరీ ఎక్కువైంది, వేరే కారణంతో. యంత్రం తనంతట తాను తయారుచేసిన బొమ్మలు శోధన ఫలితాల్లో కలిసిపోతున్నాయి. బతుకమ్మ అంటే తామరపూలు పేర్చిన గోపురం వచ్చింది. తంగేడు లేదు, గునుగు లేదు. పల్లెటూరి కిళ్ళీకొట్టు అంటే బోర్డు మీద తెలుగులా కనిపించే గీతలు, ఒక్క అక్షరమూ అక్షరం కాదు. చీర కుచ్చిళ్ళు వీపు వెనక ఉన్నాయి. మనకి తెలిసిన వస్తువయితే నవ్వుకుంటాం. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలు ఏ ఆధారంతో నవ్వాలి? బతుకమ్మ కథ రాయమంటే వాళ్ళు తామరపూలే రాస్తారు. దీనికి నా దగ్గర మందు లేదు. అమ్మమ్మకి ఫోను చేసి బొమ్మ చూపించమంటున్నాను, అంతవరకే.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. పలక విన్నాక నాకూ రోషం వచ్చి, మా పేట పేరే కొట్టాను. అద్దెకి ఇచ్చే ఫ్లాట్లు, స్కూలు బస్సులు, టైర్ల కొట్లు, మెట్రో స్టేషను. అలా కిందికి జరుపుతూ పోతే ఒకచోట, మట్టి రంగులో, వేలెడంత పాము. కంచుది. మెలికలు తిరిగి ఉంది. లెన్స్ పెట్టి దాని వెంట పోయాను. అల్ కుసైస్‌లో 1970ల్లో తవ్వకాలు జరిగాయట. పాత సమాధులు దొరికాయి, ఒక దిబ్బలో కంచు పాములు, పాములు చెక్కిన కుండలు దొరికాయి. దానికి పాముల దిబ్బ అనే పేరు పెట్టారు. ఇనుప యుగం నాటిది, సుమారు మూడు వేల ఏళ్ళ కిందటిది. అక్కడ పాముకి పూజలు జరిగి ఉంటాయని పరిశోధకుల ఊహ.

మాది గోదావరి జిల్లా. ప్రతి ఏటా దీపావళి వెళ్ళిన నాలుగో రోజున అమ్మ ఫోను చేసి, "పుట్టలో పాలు పోశారా?" అని అడిగేది. "ఇక్కడ పుట్టలెక్కడివే, ఎడారి" అనేవాణ్ణి. మా ఆవిడ చలిమిడి, చిమ్మిలి చేసి, గోడకి అతికించిన నాగేంద్రుడి బొమ్మ ముందు పెట్టి, తులసి కుండీలో నాలుగు చుక్కల పాలు పోసేది. "పుట్ట లేని ఊళ్ళో పిల్లల్ని పెంచుతున్నారు" అని అమ్మ బాధపడేది.

అమ్మ పోయాక మూడేళ్ళకి ఈ బొమ్మ దొరికింది. ఈ ఫోటో ఎవరు తీశారో, ఎక్కడ అచ్చయిందో అన్నీ సరిచూసుకున్నాను. ఇందులో నొచ్చుకోవలసిన ముఖం ఏదీ లేదు. కథ మొదలుపెట్టాను. మొదటి వాక్యం ఫోను మోగడం. ఇంకా పూర్తి కాలేదు. అమ్మ అటువైపునుంచి ఏమంటుందో రోజుకొక రకంగా వినబడుతోంది.