కంపెనీ పిటిషను - ఉద్యోగి హక్కులు

(గోదావరిఖనిలో ఉద్యోగార్థులైన యువతీయువకులు, వారి తల్లిదండ్రుల కోసం ఏర్పాటైన సభలో చేసిన ప్రసంగ పాఠం)



బదిలీ అనే మాటకు ఈ ప్రాంతంలో అర్థం చెప్పవలసిన అవసరం లేదు. సింగరేణిలో పనిచేసిన ప్రతి కుటుంబానికీ అది తెలుసు. కొత్తగూడెం నుంచి రామగుండానికి, బెల్లంపల్లి నుంచి శ్రీరాంపూర్‌కు, మందమర్రి నుంచి భూపాలపల్లికి మనుషులు మారారు, క్వార్టర్లు మారాయి, పిల్లల బడులు మారాయి. అయితే కంపెనీ మారలేదు. జాతీయ బొగ్గు వేతన ఒప్పందం ప్రకారం రావలసిన మూల వేతనం మారలేదు. భవిష్యనిధి ఖాతా, సర్వీసు రికార్డు కార్మికుని వెంటే నడిచాయి. ఎక్కడికి వెళ్ళినా అతని వెనుక ఒక ఒప్పందం, ఒక యూనియను ఉన్నాయి.

నేడు ఇదే ప్రాంతపు బిడ్డలు మరొక రకం బదిలీకి సిద్ధమవుతున్నారు. 1990ల ఆరంభంలో లక్షకు పైగా ఉద్యోగులున్న సింగరేణిలో ఇప్పుడు అందులో సగం మంది కూడా లేరు. తండ్రి గనిలో దిగిన ఇంటి నుంచి కొడుకో, కూతురో ఇంజనీరింగు చదివి మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీలలో చేరుతున్నారు. రెండేళ్ళు గడిచాక, “మా అమెరికా కార్యాలయానికి మిమ్మల్ని పంపుతాము, పిటిషను వేస్తున్నాము” అని కంపెనీ చెబుతుంది. ఇంట్లో మిఠాయిలు పంచుతారు. అడగవలసిన ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. ఆ పిటిషనులో మన బిడ్డ గురించి ఏమి రాశారు? అది మంజూరైతే ఆ బిడ్డకు దక్కే హక్కులేమిటి, దక్కనివేమిటి? నేను మాట్లాడదలచింది ఈ ప్రశ్నల గురించే.

ఒకే సంస్థకు చెందిన విదేశీ కార్యాలయం నుంచి అమెరికా కార్యాలయానికి ఉద్యోగిని మార్చుకునేందుకు ఆ దేశం 1970లో ఎల్-1 అనే వీసా తరగతిని ఏర్పరచింది. ఇందులో దరఖాస్తుదారు ఉద్యోగి కాదు, కంపెనీ. ఐ-129 అనే ఫారాన్ని, దానికి ఎల్ తరగతి అనుబంధాన్ని కంపెనీయే అమెరికా పౌరసత్వ, వలస సేవల విభాగానికి సమర్పించాలి. ఆ కాగితాలలో కంపెనీ పేరు పిటిషనర్ అని, ఉద్యోగి పేరు లబ్ధిదారు అని ఉంటుంది. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరాన్ని గుర్తుపెట్టుకోండి. పిటిషనును వేసేదీ, ఉపసంహరించుకోగలిగేదీ కంపెనీయే.

పిటిషను నిలబడాలంటే కంపెనీ మూడు విషయాలు రుజువు చేయాలి. మొదటిది, ఇక్కడి కంపెనీకి, అక్కడి కంపెనీకి మధ్య సంబంధం. అది మాతృసంస్థ, శాఖ, అనుబంధ సంస్థ, లేదా ఒకే యాజమాన్యం కింది సోదర సంస్థ అయి ఉండాలి. రెండవది, గడచిన మూడేళ్ళలో కనీసం ఒక సంవత్సరం ఎడతెగకుండా ఉద్యోగి అమెరికా బయట ఆ సంస్థలో పనిచేసి ఉండాలి. మధ్యలో పర్యటన మీద అమెరికాలో గడిపిన రోజులు ఆ సంవత్సరంలో లెక్కకు రావు. మూడవది, పని స్వభావం. నిర్వాహకులకు, ఉన్నతాధికారులకు ఎల్-1ఎ వర్తిస్తుంది. సంస్థ ఉత్పత్తులు, పద్ధతుల గురించి ప్రత్యేక పరిజ్ఞానం ఉన్నవారికి ఎల్-1బి వర్తిస్తుంది. మొదటి తరగతిలో గరిష్ఠంగా ఏడేళ్ళు, రెండవ తరగతిలో ఐదేళ్ళు ఉండవచ్చు. సాధారణంగా మొదట మూడేళ్ళకు అనుమతిస్తారు. అమెరికాలో కొత్తగా తెరిచిన కార్యాలయమైతే ఒక్క ఏడాదికే ఇస్తారు.

ప్రత్యేక పరిజ్ఞానం అంటే మార్కెట్లో ఎవరైనా నేర్చుకోగల ప్రోగ్రామింగు భాష వచ్చి ఉండటం కాదు. ఆ సంస్థలో పనిచేసినందువల్లనే అబ్బిన, మరొకరికి త్వరగా అప్పగించలేని తెలివి. అలాగే మేనేజరు అనే హోదా పేరు ఒక్కటే ఎల్-1ఎకు సరిపోదు. ఎవరిపై పర్యవేక్షణ ఉన్నది, ఏ నిర్ణయాలు తీసుకునే అధికారం ఉన్నది అని అధికారులు చూస్తారు. ఇక్కడే మన పిల్లలకు చిక్కు వస్తున్నది. మద్దతు లేఖలో “ఇతని కింద పదిమంది పనిచేస్తున్నారు” అని ఉంటుంది. నానక్‌రామ్‌గూడలోని కాన్సులేటులో అధికారి అడిగితే, “నేనొక్కడినే పనిచేస్తాను” అని అభ్యర్థి నిజం చెబుతాడు. ఆ లేఖను అతను ఎన్నడూ చదవలేదు. వీసా పోతుంది. లేఖలోని అబద్ధాన్ని తెలిసి సమర్థిస్తే ఇంకా పెద్ద నష్టం. ముఖ్యమైన విషయాన్ని ఉద్దేశపూర్వకంగా వక్రీకరించిన వ్యక్తిని జీవితాంతం అనర్హునిగా ప్రకటించే అధికారం అమెరికా వలస చట్టంలో ఉన్నది. రాసినది కంపెనీ అయినా, శిక్ష ఆ పేరు గల మనిషికి పడుతుంది.

అందువల్ల మొదటి సలహా ఇది. పిటిషను ప్రతిని, మద్దతు లేఖను, ఐ-797 మంజూరు పత్రాన్ని కంపెనీ నుంచి రాతపూర్వకంగా అడగండి. ఒక్కొక్క వాక్యం చదవండి. తప్పు ఉంటే పిటిషను వెళ్ళకముందే ఈ-మెయిలు ద్వారా తెలియజేయండి. నియామక పత్రం, జీతం చిట్టీలు, ఫారం-16, భవిష్యనిధి పాస్‌బుక్కు మీ దగ్గర విడిగా భద్రపరచుకోండి. ఏడాది సర్వీసుకు అవే సాక్ష్యాలు. సింగరేణిలో సర్వీసు రికార్డులో పుట్టిన తేదీ తప్పు పడితే పదవీ విరమణ నాడు ఎంత పెనుగులాట అవుతుందో మన పెద్దలకు బాగా తెలుసు.

ఇక హక్కుల విషయం. ఎల్-1కు హెచ్-1బి మాదిరి వార్షిక పరిమితి లేదు, లాటరీ లేదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి పిటిషన్లపై లక్ష డాలర్ల చెల్లింపు విధించిన తరువాత కంపెనీల చూపు ఎల్-1 వైపు మళ్ళడం సహజం. కానీ ఈ సులువుకు మరో ముఖం ఉన్నది. హెచ్-1బిలో ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తున్న వేతనం ఇస్తామని యజమాని కార్మిక శాఖకు ముందే హామీ ఇవ్వాలి. ఎల్-1లో ఆ హామీ పత్రం లేదు. బొగ్గు వేతన ఒప్పందం వంటి గొడుగు కింద పెరిగిన మనకు ఈ లోటు ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు.

అయినంత మాత్రాన కంపెనీ ఇష్టమొచ్చినంత ఇవ్వవచ్చునని కాదు. 2013లో కాలిఫోర్నియాలోని ఎలక్ట్రానిక్స్ ఫర్ ఇమేజింగ్ అనే సంస్థ తన ప్రధాన కార్యాలయం మార్చే పనికి బెంగళూరు కార్యాలయం నుంచి ఎనిమిది మంది ఉద్యోగులను తీసుకుపోయింది. వారికి ఇండియా జీతమే రూపాయలలో ఇచ్చింది. లెక్క కడితే అది గంటకు 1.21 డాలర్లు. అప్పుడు ఆ రాష్ట్రంలో కనీస వేతనం గంటకు 8 డాలర్లు. కొందరు వారానికి 122 గంటల దాకా పనిచేశారు. విషయం అమెరికా కార్మిక శాఖ దృష్టికి వెళ్ళింది. 2014లో ఆ ఉద్యోగులకు 40 వేల డాలర్లకు పైగా బకాయి కట్టించారు. ఏ వీసా మీద వెళ్ళినా, అమెరికా గడ్డపై చేసే పనికి ఆ దేశపు కనీస వేతన చట్టం, పని గంటల చట్టం వర్తిస్తాయని ఈ కేసు చెబుతున్నది. జీతం ఏ కరెన్సీలో, ఏ ఖాతాలో, ఎంత, ఓవర్‌టైము ఎలా అన్నది విమానం ఎక్కకముందే కాగితం మీద ఉండాలి.

రెండవ జాగ్రత్త పనిచేసే చోటు గురించి. 2004 నాటి ఎల్-1 సంస్కరణ చట్టం ప్రకారం ఎల్-1బి ఉద్యోగిని మరో కంపెనీ ఆవరణలో, ఆ కంపెనీ అజమాయిషీ కింద, కేవలం కూలికి మనిషిని సమకూర్చినట్లు పెట్టకూడదు. క్లయింటు దగ్గరకు పొమ్మన్నప్పుడు, పని అప్పగించేదీ పర్యవేక్షించేదీ ఎవరు అని అడగండి.

మూడవది, యజమాని మార్పు. మన కరీంనగర్ ప్రాంతం నుంచి గల్ఫ్‌కు వెళ్ళినవారి ఇళ్ళలో కఫీల్ అనే మాట తెలియనివారు లేరు. ఎల్-1 కఫాలా కాదు. ఉద్యోగం మానుకునే స్వేచ్ఛ ఉన్నది, దేశం విడిచి రావడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. కానీ ఎల్-1 మీద వేరే కంపెనీలో చేరే వీలు లేదు. ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఆలోగా వేరే హోదాకు దరఖాస్తు చేసుకోవాలి, లేదా తిరిగి రావాలి. ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు, అప్పు చేసేటప్పుడు ఈ 60 రోజులను మరవకండి. పాస్‌పోర్టు మాత్రం ఏ దేశంలోనూ యజమాని చేతిలో పెట్టవద్దు. అది భారత ప్రభుత్వ ఆస్తి అని 1967 పాస్‌పోర్టు చట్టం చెబుతున్నది.

నాలుగవది వృద్ధాప్య భద్రత. గని కార్మికునికి 1948 నుంచి భవిష్యనిధి చట్టం, 1998 నుంచి పింఛను పథకం ఉన్నాయి. అమెరికాలో జీతం నుంచి సోషల్ సెక్యూరిటీ కింద 6.2 శాతం కోస్తారు, యజమాని మరో 6.2 శాతం కలుపుతాడు. ఆ పింఛనుకు అర్హత రావాలంటే సుమారు పదేళ్ళ సర్వీసు కావాలి. ఎల్-1లో గరిష్ఠం ఏడేళ్ళు. ఇరు దేశాల సర్వీసును కలిపి లెక్కించే ఒప్పందం భారతదేశానికి జర్మనీ, ఫ్రాన్సు వంటి దేశాలతో ఉన్నది, అమెరికాతో లేదు. తిరిగి వచ్చిన ఉద్యోగి సొమ్ము అక్కడే మిగిలిపోతున్నది. ఈ ఒప్పందం కోసం మన ప్రజాప్రతినిధులను అడగవలసిన బాధ్యత మనపై ఉన్నది.

ఇప్పుడు ప్రత్యేకించి మన ఇళ్ళకు సంబంధించిన మాట. పేర్లు. ఒకే మనిషి పదవ తరగతి మెమోలో ఎం.డి. అని, ఆధార్‌లో మహమ్మద్ అని, పాస్‌పోర్టులో మొహమ్మద్ అని ఉంటాడు. షేక్ ఒకచోట ముందు వస్తుంది, మరొకచోట చివర వస్తుంది, ఇంకొకచోట ఎస్.కె. అవుతుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో రాసి రెండో గడి ఖాళీగా వదిలితే, అమెరికా వీసా మీద అసలు పేరు ఉండవలసిన చోట ఎఫ్.ఎన్.యు., అంటే పేరు తెలియదు, అని అచ్చవుతుంది. బ్యాంకు ఖాతా నుంచి డ్రైవింగు లైసెన్సు వరకు ఆ మూడక్షరాలు వెంటాడుతాయి. పాస్‌పోర్టులో ఒకే పేరున్న సందర్శకులను అనుమతించబోమని యు.ఎ.ఇ. కూడా 2022 నవంబరులో ప్రకటించింది. మన సముదాయంలో ఒకే పేరు వేలమందికి ఉంటుంది. వారిలో మీరెవరో తేల్చేది తేదీలు, స్పెల్లింగులు సరిపోలిన కాగితాలే. కాబట్టి ఉద్యోగం రాకముందే, వీలైతే పదవ తరగతి నాడే, అన్నింటా ఒకే పేరు ఉండేలా చూడండి.

అదనపు పరిశీలన కోసం కాన్సులేటు 221(జి) కాగితం ఇచ్చిందంటే కేసు ముగిసిపోయిందని కాదు. అడిగిన పత్రాలు ఇచ్చి వేచి ఉండాలి. ఆ సమయంలో “నేను చేయిస్తాను” అని వచ్చే దళారికి రూపాయి ఇవ్వకండి. 2017లో కొన్ని ముస్లిం దేశాలపై వచ్చిన నిషేధంలో గాని, 2025 జూనులో వచ్చిన జాబితాలో గాని భారతదేశం లేదు. వదంతులు విని మన పిల్లలు ప్రయత్నమే మానుకోవడం సరికాదు.

చివరిగా ఆడబిడ్డల విషయం. ఎల్-1 ఉద్యోగి భార్యకు లేదా భర్తకు, 21 ఏళ్ళలోపు అవివాహిత సంతానానికి ఎల్-2 ఇస్తారు. 2021 నవంబరు తరువాత ఎల్-2 జీవిత భాగస్వామి విడిగా అనుమతి కార్డు లేకుండానే ఉద్యోగం చేయవచ్చు. బి.టెక్. చదివి ఇంట్లో ఉండిపోయిన మన కోడళ్ళకు ఇది పెద్ద అవకాశం. అయితే ఈ హోదా వివాహబంధం మీద ఆధారపడినది, విడాకులైతే అదీ పోతుంది. అందుచేత ఆమె పాస్‌పోర్టు, ఐ-94, డిగ్రీ పత్రాలు ఆమె దగ్గరే ఉండాలి. ఉర్దూ నిఖానామాకు పూర్తి ఇంగ్లీషు అనువాదం చేయించి, అనువాదకుని ధ్రువీకరణ జతపరచాలి. వివాహాన్ని రిజిస్టరు కూడా చేయించండి. మన ఆడబిడ్డ స్వయంగా ఎల్-1 ఉద్యోగిని కావచ్చునని, అల్లుడు ఎల్-2 మీద వెంట వెళ్ళవచ్చునని కూడా గుర్తించండి.

ఈ పనికి పెద్ద సంస్థలు కావాలని నేను అనుకోవడం లేదు. సర్వీసు రికార్డులు, నామినేషను ఫారాలు దశాబ్దాల పాటు చూసిన విశ్రాంత గుమాస్తాలు ఈ ఊరిలో ఎందరో ఉన్నారు. ఆదివారం రెండు గంటలు వారు, ఇద్దరు చదువుకున్న యువకులు, ఇద్దరు యువతులు ఒకచోట కూర్చుని పిల్లల మెమోలు, పాస్‌పోర్టులు, ఆధార్ కార్డులు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. తేడా ఉన్నచోట సవరణ దరఖాస్తు అక్కడే రాయించవచ్చు. ఈ ఊరి పెద్దలు ఈ సభలోనే అందుకు ఒక తేదీ నిర్ణయించాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.