ఫిలిము పోయి అంకె వచ్చిన కథ

(పాఠశాల వార్షికోత్సవమునకు విచ్చేసిన తల్లిదండ్రుల సభలో గావించిన ఉపన్యాసము)



పిల్లలకు ఏ విద్య నేర్పిన ముందుముందు అన్నము పెట్టునని తల్లిదండ్రులు మమ్ము తరచుగా అడుగుచుందురు. దానికి సూటిగా బదులు చెప్పుటకు మారు, మన కన్నుల యెదుటనే తలక్రిందులైన ఒక పరిశ్రమ కథను నేడు మనవి చేయ నెంచితిమి. అది కెమెరా పరిశ్రమ. ఈ సభలోని పెద్దలలో పెక్కురు ఫిలిము రోలు కొని, ముప్పదియారు బొమ్మలు పూర్తియగువరకు వేచి, స్టూడియోలో కడిగించుకొన్నవారే. వారి పిల్లలలో అనేకులు ఫిలిమును కంటితో చూచియైన ఎరుగరు.

1888లో అమెరికాలోని రోచెస్టరు నగరమున జార్జి ఈస్ట్‌మన్ అను నతడు 'కొడాక్' అను చిన్న పెట్టె కెమెరాను అమ్మకమునకు పెట్టెను. వెల 25 డాలర్లు. నూరు బొమ్మలకు చాలిన ఫిలిము అందు ముందే చుట్టి యుండెడిది. బొమ్మలు ముగిసిన పిదప కెమెరానే కంపెనీకి పంపినచో, వారు ఫిలిమును కడిగి, బొమ్మలను ముద్రించి, క్రొత్త చుట్టను అమర్చి తిరిగి పంపెడివారు. 1900లో ఒక్క డాలరునకే 'బ్రౌనీ' కెమెరా వచ్చెను. ఇందలి వ్యాపారమర్మము గమనింపదగినది. కెమెరాను ఒక్కసారి కొందురు. ఫిలిమును, కడుగు మందులను, కాగితమును మరల మరల కొందురు. కెమెరా విత్తనము, ఫిలిము పంట. నూరేండ్లు ఆ పంటయే కంపెనీని పోషించినది.

ఫిలిమును చేయుట సామాన్యమైన పని కాదు. వెండి లవణముల సూక్ష్మకణములను జెలటినులో కలిపి, పలుచని రేకుపై, కటిక చీకటిలో, ధూళి సోకకుండ పొరపై పొరగా పూయవలెను. ఈ విద్యను సమగ్రముగా ఎరిగిన సంస్థలు ప్రపంచమున వ్రేళ్లపై లెక్కింపదగినన్నియే. అమెరికాలో కొడాక్, జపానులో ఫ్యూజీ, కోనికా, ఐరోపాలో ఆగ్ఫా వానిలో ముఖ్యములు. మన దేశమును ఈ విద్యకై పూనుకొన్నది. 1960లో కేంద్రప్రభుత్వము తమిళనాటి ఉదకమండలమున హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ సంస్థను స్థాపించెను. 'ఇందు' అను పేరుతో ఆ ఫిలిము దేశమంతటను అమ్ముడుపోయినది.

ఇక రెండవ అంకము. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విల్లార్డ్ బాయిల్, జార్జి స్మిత్ అను శాస్త్రజ్ఞులు 'సీసీడీ' అను సాధనమును కనుగొనిరి. దానికే 2009లో వారికి నోబెల్ బహుమానము లభించినది. చిన్న సిలికాను పలకపై గళ్లు గళ్లుగా అమరిక యుండును. వెలుతురు సోకిన ప్రతి గడిలోను విద్యుత్తు పుట్టును. ఎంత వెలుతురో అంత విద్యుత్తు. దానిని కొలిచి అంకెగా మార్చినచో, బొమ్మ అంకెల పట్టిక యగును. 1975లో స్టీవెన్ సాసన్ అను యువ ఇంజనీరు దీనిని అమర్చి మొట్టమొదటి డిజిటల్ కెమెరాను నిర్మించెను. దాని బరువు మూడున్నర కిలోలకు పైన. బొమ్మలో ఉన్నవి పదివేల బిందువులు మాత్రమే. ఒక్క బొమ్మను క్యాసెట్టు టేపుపై ఎక్కించుటకు 23 సెకనులు పట్టెను. చూచుటకు టెలివిజను కావలెను. ఈ సాసన్ ఎవరి కొలువులో నుండెనందురా? కొడాక్ కంపెనీలోనే!

కొడాక్ తన బిడ్డను తానే దాచి నిద్రపోయెనని లోకమున ఒక కథ వ్యాపించియున్నది. అది పూర్తిగా సత్యము కాదు. రంగులను గుర్తించుటకు నేటి కెమెరాలలో చాలవరకు వాడుచున్న వడపోత అమరికకు 1976లో పేటెంటు పొందిన బ్రైస్ బేయర్ కొడాక్ శాస్త్రజ్ఞుడే. 1991లో నైకాన్ కెమెరాకు డిజిటల్ పరికరమును జోడించి పత్రికా ఛాయాగ్రాహకులకు అమ్మినదియు కొడాకే. 2005లో అమెరికాలో డిజిటల్ కెమెరాల అమ్మకమున ఆ కంపెనీదే అగ్రస్థానము. అయినను ఏల కూలెను? డిజిటల్ కెమెరాను అమ్మిన పిమ్మట అమ్ముటకు ఫిలిము లేదు. విత్తనము మిగిలినది, పంట పోయినది. చీకటిలో పొరలు పూయు నేర్పు ఎలక్ట్రానిక్ పనికి అక్కరకు రాలేదు. ఆ పనిలో ఆరితేరిన జపాను సంస్థలు ముందు నిలిచెను. 1982 నాటికి ఒక్క రోచెస్టరులోనే అరువదివేలమందికి పైగా పని ఇచ్చిన కంపెనీ, 2012 జనవరిలో అప్పులవారి నుండి రక్షణ కోరి న్యాయస్థానము మెట్లెక్కెను. 2013లో చిన్న సంస్థగా బయటపడి, నేటికిని సినిమా ఫిలిమును తయారు చేయుచున్నది.

అదే తుపాను ఫ్యూజీని కూడ తాకినది. కాని ఆ సంస్థవారు తమకు తెలిసినది ఫిలిము మాత్రమే కాదని గ్రహించిరి. పలుచని పొరలను లోపము లేకుండ చేయుట తెలియును గనుక టెలివిజను తెరలకు కావలసిన పొరలను చేసిరి. జెలటినునకు మూలమైన కొల్లాజెను సంగతి తెలియును గనుక చర్మమునకు పూయు లేపనములను చేసిరి. 2008లో ఒక ఔషధ సంస్థను కొనిరి. పనిముట్టు మారినను విద్య మిగిలినది.

గెలిచినవారికిని సుఖము చిరకాలము నిలువలేదు. 1990 దశకమున 'సీమాస్' అను చవుకైన గ్రాహకము వృద్ధిచెంది, కెమెరా చేతి ఫోనులో ఇమిడిపోయినది. 2010లో ప్రపంచమున 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు కర్మాగారముల నుండి బయటికి వెడలెను. 2020లో ఆ సంఖ్య 90 లక్షల లోపునకు దిగినది. 1995లో వెనుక తెర గల కెమెరాతో పేరొందిన క్యాసియో 2018లో చిన్న కెమెరాల తయారీని మానుకొన్నది. మిగిలిన సంస్థలు వెల హెచ్చైన, అద్దము లేని కెమెరాలను కొద్దిమందికై చేయుచున్నవి. ఉదకమండలపు సంస్థ మాత్రము డిజిటల్ విరివిగా రాకముందే, అప్పుల భారమున 1990 దశకముననే రోగగ్రస్తమైనది. కావున ప్రతి పతనమునకును ఒకే కారణము చెప్పుట న్యాయము కాదు.

తల్లిదండ్రులారా! మీ ప్రశ్నకు మాకు తోచిన బదులు ఇందే యున్నది. పిల్లలకు పనిముట్టును మాత్రమే నేర్పినచో, ఆ పనిముట్టుతోనే వారి బ్రతుకుతెరువును పోవును. దాని క్రిందనున్న రసాయనమును, భౌతికమును, గణితమును, భావమును స్పష్టముగా చెప్పు భాషను నేర్పినచో, ఒక త్రోవ మూసికొన్నను వేరొక త్రోవను వారే వెదకికొందురు.

ఇంకొక్క మాట. ఫిలిము కాలమున బొమ్మ తీయుట ఖర్చుతో కూడిన పని. కనుకనే తీసిన బొమ్మ కాగితమై చేతికి వచ్చెడిది. దాని వెనుక మన పెద్దలు పేరు, ఊరు, సంవత్సరము వ్రాసి పెట్టెలో దాచెడివారు. నేడు తీయుటకు ఖర్చు లేదు. బొమ్మలు వేలకు వేలు. కాని కాగితముపై ముద్రించి ఇచ్చెడివాడు నడుమనుండి తప్పుకొన్నాడు. దాచు భారము మనపైననే పడినది. ఫోను పోయినచో పదియేండ్ల బొమ్మలు పోవును. అందు ఉన్నవా రెవరో వ్రాసియుంచకున్న, బొమ్మ ఉండియు లేనిదే యగును. ఏనాడో ఊరు విడిచి ఇచ్చట స్థిరపడిన మన కుటుంబములకు, తాతగారి బొమ్మ వెనుకనున్న ఆ రెండు తెలుగు పంక్తులే ఒక్కొక్కచోట మిగిలిన చరిత్ర.

కావున ఈ వేసవి సెలవులలో ప్రతి ఇంటను ఒక పని జరుగవలెనని మా ప్రార్థన. పిల్లవానిని అవ్వతాతల ప్రక్కన కూర్చుండబెట్టి, ఇరువది బొమ్మలను ఏరించుడు. ఎవరు, ఎచ్చట, ఎప్పుడు అని అడిగి తెలుగున వ్రాయించుడు. మంచివానిని కాగితముపై ముద్రింపించి, వాని ప్రతులను రెండు వేరువేరు చోట్ల భద్రపరచుడు. యంత్రములు మారుచునే యుండును. మనవారి పేర్లను గుర్తుంచుకొను పని మాత్రము ఏ యంత్రమునకును అప్పగింపరానిది.