ఫుట్‌బాలు ఆటలో తెర మీది తీర్పు

1966 జులై 30వ తేదీన లండనులోని వెంబ్లీ మైదానములో ఇంగ్లండునకును పశ్చిమ జర్మనీకిని ప్రపంచ కప్పు తుది పోటీ జరిగినది. అదనపు సమయములో జెఫ్ హర్‌స్టు తన్నిన బంతి గోలు అడ్డుకొయ్యకు తగిలి, క్రిందపడి, మరల బయటికి ఎగిరినది. అది గీత దాటినదా, లేదా? స్విట్జర్లండు దేశపు రిఫరీ డీన్‌స్టు, లైన్సుమన్ బహ్రామోవును అడిగి, గోలని తీర్పు చెప్పెను. ఆ వివాదము నేటికిని చల్లారలేదు.

ఇట్టి ప్రశ్నకు యంత్రము చక్కగా బదులు చెప్పగలదు. 2010లో దక్షిణాఫ్రికాలోని బ్లూంఫోంటేనులో జర్మనీపై ఇంగ్లండు ఆటగాడు లాంపార్డు కొట్టిన బంతి గీతకు బాగుగా లోపల పడినను గోలు దక్కలేదు. 2014 ప్రపంచ కప్పు నాటికి గోలు గీతను కనిపెట్టు యంత్రము వచ్చినది. దానిని కాదనువారు మాకు కనబడరు.

2018లో ఆట నిబంధనలలో చేరిన వీడియో అసిస్టెంట్ రిఫరీ పద్ధతి సంగతి వేరు. గోలు, పెనాల్టీ, నేరుగా చూపు ఎర్రకార్డు, ఒకరి తప్పునకు మరియొకరిని దండించుట - ఈ నాల్గింటనే, అదియు స్పష్టమైన పొరపాటో, కంటబడని పెద్ద తప్పిదమో జరిగిననే, తెర ముందరి సహాయకుడు కలుగజేసికొనవలెనని నాటి నియమము. చిక్కంతయు ఆ 'స్పష్టమైన' అను మాటలోనే యున్నది.

ఆ యేడే మాస్కోలో ఫ్రాన్సు, క్రొయేషియాల తుది పోటీలో, చెరియొక గోలుతో సమముగా నున్నపుడు, బంతి క్రొయేషియా ఆటగాడు పెరిసిచ్ చేతికి తగిలినది. రిఫరీ పితానా తొలుత పెనాల్టీ ఇయ్యలేదు. పిమ్మట మైదానపు అంచున నున్న తెర చెంతకు పోయి చూచెను. వెనుదిరిగి, మరల పోయి చూచి, పెనాల్టీ ఇచ్చెను. గ్రీజ్‌మన్ దానిని గోలు చేసెను. అన్నిసార్లు చూడవలసిన తప్పు స్పష్టమైన దెట్లగును? చేయి తగులుటను కెమెరా చూపును. కావలెనని పెట్టినాడా యన్నది చూపలేదు. పైగా నెమ్మదిగా త్రిప్పిన బొమ్మలో రెప్పపాటు కదలికయు తలచి చేసినట్లే తోచును.

మైదానమునకు వచ్చిన ప్రేక్షకునికే సంగతి తెలియకుండుట మరియొక వింత. 2023 మహిళల ప్రపంచ కప్పులో రిఫరీలు తీర్పును మైకులో ప్రకటించిరి. నోట చెప్పిన తీర్పు రేడియో శ్రోతలకును అందును గదా!

చేతి తప్పును సహజ వేగముననే చూచి తేల్చవలెనని నియమావళి చెప్పుచున్నది. ఒక్కమారు అట్లు చూచియు తేలనిచో, తొలుత ఇచ్చిన తీర్పునే నిలుపవలెనని మా అభిప్రాయము.