కర్రపెండలం – వంటింటి బయటి ఉపయోగాలు



కర్రపెండలం అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేవి సగ్గుబియ్యం పాయసం, వడియాలు, ఉడకబెట్టిన దుంప. సేలం, నామక్కల్, ధర్మపురి వైపు తరతరాలుగా ఉంటున్న మనవాళ్ళకు ఇది మరవళ్ళి. కర్ణాటక సరిహద్దులో మరగెణసు. గోదావరి ప్రాంతంలో పెద్దాపురం, సామర్లకోట చుట్టుపక్కల కర్రపెండలమే. పేర్లు ఎన్నయినా దుంప ఒకటే. తిండికి కాక ఈ దుంప ఇంకా దేనికి పనికివస్తుంది? ఆ సంగతి పండించే రైతుకు ఎందుకు తెలిసి ఉండాలి? ఈవేళ ఈ రెండు విషయాలూ చెప్పుకుందాం.

ఇది మన నేల పంట కాదు. దక్షిణ అమెరికాలో పుట్టి, పోర్చుగీసువారి ఓడల్లో కేరళ తీరానికి చేరింది. 1880 నుంచి 1885 దాకా తిరువాన్కూరును పాలించిన విశాఖం తిరునాళ్ మహారాజు, కరువు కాలంలో పేదల కడుపు నింపుతుందని దీని సాగును ప్రోత్సహించారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో విదేశాల నుంచి సగ్గుబియ్యం, స్టార్చి రావడం తగ్గిపోయింది. అప్పుడే సేలంలో ఈ పరిశ్రమ మొదలైంది. 1981లో అక్కడి ఉత్పత్తిదారులు సహకార సంఘంగా ఏర్పడ్డారు. దాన్నే సాగోసర్వ్ అంటారు. సేలం సగ్గుబియ్యానికి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

పచ్చి దుంపలో సుమారు నాలుగో వంతు, మంచి పంటయితే అంతకంటే కొంచెం ఎక్కువ పిండి ఉంటుంది. మిల్లులో దుంపను కడిగి, తొక్క తీసి, కోరి, నీళ్ళతో జల్లెడ పడతారు. పాలలాంటి నీరు తొట్లలో తేరుకుంటే అడుగున తెల్లటి పిండి దిగుతుంది. దాన్ని గుండ్లుగా చేసి వేయిస్తే సగ్గుబియ్యం. అలాగే ఎండబెడితే స్టార్చి. వంటింటి దారి, పరిశ్రమ దారి విడిపోయేది ఇక్కడే.

స్టార్చి ఎక్కడెక్కడికి వెళుతుందో చూడండి. మగ్గం మీద పడుగు దారం ఒరిపిడికి తెగిపోకుండా గంజి పెడతారని నేత ఇళ్ళలో పుట్టినవారికి నేను చెప్పనక్కరలేదు. పెద్ద బట్టల మిల్లులోనూ జరిగేది అదే పని. కాగితం మీద సిరా పాకకుండా ఉండడానికి పైన స్టార్చి పూత వేస్తారు. టీవీలు, పళ్ళు వచ్చే గళ్ళ అట్టపెట్టెలో పొరలను అంటించేది చాలావరకు స్టార్చి జిగురే. పిండిని కొద్దిగా ఆమ్లం కలిపి పొడిగా వేయిస్తే డెక్స్‌ట్రిన్ తయారవుతుంది. నీళ్ళు తగలగానే కవరు అంటుకునేది దానివల్లనే. మందుబిళ్ళ పొడిపొడి కాకుండా పట్టి ఉంచేదీ, కడుపులోకి వెళ్ళాక విడిపోయేలా చేసేదీ కూడా స్టార్చే. హోలీ రంగుల్లో సైతం అది ఉంటుంది.

ఇంకా రెండు కొత్త దారులున్నాయి. పిండిని ఎంజైములతో చక్కెరగా మార్చి, పులియబెట్టి ఇథనాల్ తీయవచ్చు. 2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానం కర్రపెండలాన్ని ఇథనాల్ ముడిసరుకుల్లో చేర్చింది. రెండోది సంచులు. తమిళనాడులో 2019 జనవరి నుంచి, దేశమంతటా 2022 జూలై నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు చాలావాటిపై నిషేధం వచ్చాక, స్టార్చితో చేసే సంచులకు గిరాకీ పెరిగింది. అయితే ఉత్త స్టార్చి నీళ్ళకు మెత్తబడుతుంది కాబట్టి అందులో వేరే పదార్థాలు కలుపుతారు. మట్టిలో కలిసిపోతుందని అంగడివాడు చెప్పినంత మాత్రాన నమ్మకండి. సంచి మీద ధ్రువీకరణ గుర్తు ఉందేమో చూడండి.

ఇన్ని ఉపయోగాలుంటే రైతుకు ఏటా మంచి ధర రావాలి కదా అని మీరు అడగవచ్చు. చిక్కంతా అక్కడే ఉంది. బట్టల మిల్లుకు, అట్టపెట్టెల కర్మాగారానికి కావలసింది పిండి. అది కర్రపెండలానిదా, మొక్కజొన్నదా అన్న పట్టింపు వారికి తక్కువ. ఏది చవకయితే అది కొంటారు. పైగా తవ్విన దుంప రెండు మూడు రోజుల్లోనే లోపల నల్లబడుతుంది. ధాన్యంలా గాదెలో పోసి ధర వచ్చేదాకా ఆగడానికి వీలులేదు. కొనేవాడికి ఆ సంగతి బాగా తెలుసు.

అందుకే రైతు తన చేతిలో ఉన్నదాన్ని వదులుకోకూడదు. మిల్లువారు పిండి శాతాన్ని పాయింట్ల లెక్కన చూసి ధర కడతారు. ఆ లెక్క వెనుక ఉన్నది బడిపిల్లలు చదివే సాంద్రత పాఠమే. ఐదు కిలోల దుంపలను శుభ్రంగా కడిగి, వల సంచిలో వేసి, కొక్కెం త్రాసుకు తగిలించి, అడుగు తగలకుండా నీళ్ళలో పూర్తిగా ముంచి మళ్ళీ తూచండి. నీళ్ళలో బరువు ఎక్కువ తూగితే పిండి ఎక్కువ ఉన్నట్టు. ఏ చేను ముందు తవ్వాలో దీన్నిబట్టి ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఎండాకాలం గడిచి వానలు పడి కొత్త చిగుళ్ళు వేస్తే, మొక్క దుంపలోని పిండినే ఖర్చు పెట్టుకుంటుంది. అప్పుడు తవ్వితే పాయింట్లు తగ్గుతాయి. ఇంకొక మాట. బండి కుదిరాకే దుంప తవ్వండి, తవ్వాక బండి వెతక్కండి.

ఇక పశువులున్నవారికి ఒక హెచ్చరిక. ఈ మొక్క ఆకులో, తొక్కలో విషం పుట్టించే పదార్థం ఉంది. నమిలినప్పుడు దాని నుంచి సయనైడు వెలువడుతుంది. పచ్చి ఆకులు, పచ్చి తొక్కలు పశువులకు వేయకండి. బాగా ఎండబెట్టినవైనా పశువైద్యుణ్ణి అడిగి, కొద్దికొద్దిగా అలవాటు చేయండి. ఆ విషాన్నే తిరువనంతపురంలోని కేంద్ర దుంపపంటల పరిశోధన సంస్థ ఉపయోగంలోకి తెచ్చింది. కర్రపెండలం ఆకుల నుంచి పురుగుమందులు తయారుచేసింది. అరటి బోదెను తొలిచే పురుగు మీద వాడేది వాటిలో ఒకటి.

మిల్లు నీళ్ళ మాట కూడా చెప్పాలి. పిండి తీసిన నీరు పులిసి, కాలువలో కలిస్తే ఊరంతా కంపు కొడుతుంది, బావి నీరు పాడవుతుంది. అదే నీటిని మూసిన తొట్టిలో నిలవబెడితే వంటగ్యాసు లాంటి వాయువు వస్తుంది. సేలం ప్రాంతంలో చాలా మిల్లులు ఆ వాయువును ఇంధనంగా వాడుకుంటున్నాయి. మీ ఊరి పక్కన మిల్లు ఉంటే, మురుగునీరు ఎటు పోతున్నదని పంచాయతీ సమావేశంలో అడగండి. అది మీ హక్కు.

కరువులో కడుపు నింపడానికి వచ్చిన దుంప, ఇవాళ బట్టలోనూ కాగితంలోనూ అట్టపెట్టెలోనూ కనబడకుండా ఉంది. ఆ పిండి విలువలో పండించినవాడి వాటా పెరగాలంటే, మిల్లువాడు చూసే లెక్క రైతుకూ తెలిసి ఉండాలి. త్రాసు, బాల్చీ ప్రతి ఇంట్లోనూ ఉండేవే. ఈసారి తవ్వే ముందు ఒకసారి తూచి చూడండి.