పంపు మార్చే ముందు, పోయింది పంపేనా చూడండి | గడివేములలో ఇంటి దగ్గరే ఫ్యూయల్ పంపు మార్చినాం

ఈ ఎపిసోడ్‌లో పెట్రోల్ కారు ఫ్యూయల్ పంపు గురించి మాట్లాడుకుందాం. అది ఏం చేస్తాది, ఎందుకు పోతాది, ఇంటి దగ్గర మార్చుకోవచ్చా లేదా. ఒక మాట ముందే చెప్తా. విప్పడం, బిగించడం పెద్ద కష్టం కాదు. పోయింది పంపే అని తేల్చుకోవడం కష్టం. ట్యాంకు తెరిచినప్పుడు మంట లేవకుండా చూసుకోవడం ఇంకా ముఖ్యం.

పాత కార్లలో ఈ పంపు ఇంజిన్ పక్కనే ఉండేది. 1983 డిసెంబరులో వచ్చిన తొలి మారుతి 800 అట్లాంటిదే. ఇంజిన్ తిరిగితే లోపల రబ్బరు పొర ఆడి పెట్రోల్ లాగేది. అంబాసిడర్ నడిపిన పెద్దోళ్లను అడగండి, ఎండాకాలం బండి ఆగిపోతే పంపు మీద తడిగుడ్డ వేసేవాళ్లం అంటారు. ఆ వేడికి పెట్రోల్ పైపులోనే ఆవిరైపోయేది, అందుకే ఆ చిట్కా. ఇప్పటి కార్లలో అది పనికిరాదు. ఎందుకంటే పంపు ట్యాంకు లోపల, పెట్రోల్లోనే మునిగి ఉంటాది.

కరెంటు మోటారు పెట్రోల్లో మునిగి ఉంటే మంట అంటుకోదా అని మీకు డౌట్ రావచ్చు. మంటకు గాలి కావాలి. మోటారు లోపలంతా పెట్రోలే పారుతుంటాది, గాలికి చోటుండదు. పారే ఆ పెట్రోలే మోటారును చల్లగా ఉంచుతాది. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి. ట్యాంకు మూత తెరిచినామంటే గాలిని లోపలికి పిలిచినట్టే. ట్యాంకు ఎప్పుడూ అడుగంటి ఉంటే మోటారును ఎండబెట్టినట్టే.

మన దగ్గర ఎండ సంగతి చెప్పాల్నా? మా గడివేముల మండలంలో గని దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టినారంటేనే ఎండ ఎంతుంటాదో అర్థం చేసుకోండి. ఆ ఎండలో రెండు వందలకు పెట్రోల్ కొట్టించి, రిజర్వ్ లైటు వెలుగుతుండగానే నంద్యాల దాకా పోయి వచ్చే అలవాటు మనలో శానామందికి ఉంది. ట్యాంకులో పావు వంతన్నా ఉంచండి. పంపు ఎక్కువ కాలం వస్తాది.

ఇప్పుడు మా మామ కారు సంగతి. కంపెనీ పేరు అవసరం లేదు, పాత పెట్రోల్ కారు. మా అత్తకు వారానికి రెండుసార్లు నంద్యాలలో డయాలసిస్. సోమవారం పోయి వచ్చినాక కారు వాకిట్లో ఆగింది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతాది గానీ అందుకోదు. మళ్లీ గురువారం పొద్దున పోవాల. ఒక మెకానిక్ ఫోన్లోనే "పంపు పోయింది" అన్నాడంట. "అల్లుడూ, పంపు తెచ్చేయ్, మార్చేద్దాం" అన్నాడు మామ. "ఉండు మామా, ముందు చూద్దాం" అన్నా. పంపు అనుకుని డబ్బు పెట్టి, తీరా పోయింది చిన్న ఫ్యూజు అయితే గురువారం మళ్లీ వాకిట్లోనే ఉంటాం.

ఎట్ల చూసినామో వరసగా చెప్తా.

ఒకటి, ట్యాంకులో పెట్రోల్ నిజంగా ఉందా? మీటరు ముల్లు అబద్ధం చెప్పొచ్చు. రెండు లీటర్లు పోసి చూసినాం. లాభం లేదు.

రెండు, చెవి. సెల్ఫ్ కొట్టకుండా కీ ఆన్ చేస్తే, చాలా కార్లలో వెనక సీటు కింద నుంచి ఒక రెండు సెకన్లు "జుయ్" మని శబ్దం వస్తాది. అదే పంపు. మాకు ఏ శబ్దమూ రాలేదు.

మూడు, ఫ్యూజు, రిలే. ఫ్యూజు బాగుంది. హారన్‌కు కూడా అదే నంబరు రిలే ఉంటే, అది తీసి ఇక్కడ పెట్టి చూసినాం. తేడా లేదు.

నాలుగు, కరెంటు. పల్లెల్లో ఇది ముఖ్యం. వైరును ఎలుకలు కొరికేసి ఉంటాయి, మనం పంపును తిట్టుకుంటా ఉంటాం. వెనక సీటు ఎత్తి, పంపు కనెక్టర్ ఊడదీసి, మల్టీమీటరు పెట్టినాం. మామ కీ ఆన్ చేసినాడు. 12 వోల్టులు వచ్చి, రెండు సెకన్లకు పోయినాయి. ఎర్త్ కూడా బాగుంది. కరెంటు సరిగ్గా వచ్చినా మోటారు తిరగడం లేదంటే పోయింది పంపే. అక్కడ కరెంటే రాకపోతే తప్పు వైర్లలోనో, రిలేలోనో, సెన్సర్‌లోనో ఉంటాది. కొత్త పంపు వేసినా బండి కదలదు.

ఈ పరీక్షలన్నీ ట్యాంకు తెరవక ముందే అయిపోవాల. తెరిచినాక కరెంటుతో పనే లేదు.

ఇప్పుడు జాగ్రత్తలు. ఇక్కడ స్కిప్ చేయొద్దు, ప్లీజ్.

పెట్రోల్ సున్నా కంటే 40 డిగ్రీలు తక్కువ చలిలో కూడా అంటుకునేంత ఆవిరి ఇస్తాది. మన ఎండలో ఇంకెంత ఇస్తాదో చూసుకోండి. ఆ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేల మీద పాకుతాది. వాకిట్లో మీరు ట్యాంకు తెరిస్తే, అది గడప దాటి వంటింట్లో పొయ్యి దాకా పోగలదు. అందుకే మేం తెల్లవారి ఆరు గంటలకు, ఇంటికి దూరంగా, గాలి ఆడే ఖాళీ జాగాలో పెట్టుకున్నాం. నాలుగు డోర్లూ తెరిచినాం. తాత బీడీ కట్ట మా అత్త దగ్గర పెట్టించినాం. ఆయన కోపమొచ్చి అరుగు మీద కూర్చున్నాడు, అది వేరే సంగతి.

నైలాన్ చొక్కా వద్దు, నూలు బట్టలు వేసుకోండి. ఫోను దూరంగా పెట్టండి. పెట్రోల్ మంట మీద నీళ్లు పోస్తే మంట ఇంకా పరుచుకుంటాది. డ్రై పౌడర్ సిలిండరు, పొడి ఇసుక బక్కెట్ చేతికందేటట్టు పెట్టుకోండి. పక్కన ఇంకో మనిషి ఉండాల్సిందే.

తర్వాత పైపులో ప్రెషర్. చాలా పెట్రోల్ కార్లలో అది మూడు నాలుగు బార్లు, అంటే కారు టైరులో గాలి కంటే ఎక్కువ. ఇంజిన్ స్టార్ట్ అయ్యే బండి అయితే పంపు ఫ్యూజు తీసి, అది ఆగిపోయే దాకా నడపండి. మాది స్టార్టే కాదు కాబట్టి ఫ్యూజు తీసి కొంచెం సేపు సెల్ఫ్ కొట్టినాం. తర్వాత బ్యాటరీ నెగెటివ్ ఊడదీసినాం. పైపు తీసేటప్పుడు చుట్టూ గుడ్డ కప్పి నిదానంగా తీసినాం. అయినా రెండు చుక్కలు చిమ్మింది.

మూత చుట్టూ దుమ్మంతా ముందే తుడవండి, లేదంటే ట్యాంకులో పడతాది. లాక్ రింగ్‌ను ఇనుప స్క్రూడ్రైవరుతో కొట్టొద్దు, నిప్పురవ్వ రావచ్చు. మేం చెక్క ముక్క పెట్టి మెల్లగా కొట్టి తిప్పినాం. అసెంబ్లీ బయటికి తీసేటప్పుడు మీటరు బెండు కమ్మీ వంగకుండా చూడాల, వంగితే ముల్లు తప్పు చూపిస్తాది.

లోపల చూస్తే అడుగున జాలి నల్లగా, సన్నని మురికితో మూసుకుపోయి ఉంది. దానిలోంచి పెట్రోల్ లాగలేక మోటారు వేడెక్కి ఉంటాది. ట్యాంకు అడుగు నూలుపోగులు రాని గుడ్డతో తుడిచినాం. మోటారు, జాలి, ఓ-రింగ్ మూడూ కొత్తవి వేసినాం. అసెంబ్లీ మొత్తం కొనలేదు, మోటారు ఒక్కటే మార్చినాం కాబట్టి ఖర్చు తగ్గింది.

మోటారు ఒక్కటే మార్చేవాళ్లు మూడు చూసుకోండి. ప్లస్, మైనస్ తారుమారు చేయొద్దు. మోటారు తిరగబడి తిరిగి ప్రెషర్ రాదు. ట్యాంకు లోపల వేసే చిన్న పైపు, పెట్రోల్లో మునిగి ఉండడానికే చేసినదై ఉండాల. బయట వాడే మామూలు రబ్బరు పైపు లోపల ఉబ్బి చీలిపోతాది. నల్ల టేపు అసలే వద్దు, దాని జిగురు పెట్రోల్లో కరిగి కొత్త జాలిని కూడా మూసేస్తాది. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు, అది పాత రబ్బరును ఇంకా త్వరగా పాడు చేస్తాది. షాపులో ఆ మాట చెప్పి అడిగి తీసుకోండి.

అంతా బిగించినాక వెంటనే సెల్ఫ్ కొట్టొద్దు. పెట్రోల్ వాసన పూర్తిగా పోయినాక బ్యాటరీ పెట్టి, కీ మూడు నాలుగు సార్లు ఆన్ చేసి ఆపండి. పైపు నిండుతాది. కారుతోందేమో చూడండి, వాసన చూడండి. మాకు రెండో సారికే "జుయ్" వినపడింది. అరుగు మీద నుంచి తాత కూడా "పలికిందిరా" అన్నాడు. ఆ గురువారం అత్తను టైముకు తీసుకుపోయినాం. పోయేటప్పుడు ట్యాంకు నిండా కొట్టించి, బంకు బయటికి వచ్చి సీటు ఎత్తి మళ్లీ చూసినాం. పైన ఓ-రింగ్ లీకు ట్యాంకు నిండినప్పుడే బయటపడతాది, ఇది మరిచిపోవద్దు.

తీసిన పాత పెట్రోల్ కాలువలో పోయొద్దు. నీళ్ల బాటిల్లో అసలు పోయొద్దు, పిల్లలు నీళ్లనుకుంటారు.

ఎవరు ఇంటి దగ్గర చేయకూడదు? సీటు కింద మూత లేక ట్యాంకే దించాల్సిన కారు అయితే వద్దు. జాకీ మీద బండి, దాని కింద పెట్రోల్ ట్యాంకు, మధ్యలో మీరు. ఆ సాహసం వద్దు. డీజిల్ కారు అయితే హై ప్రెషర్ పంపు జోలికే పోవద్దు, కామన్ రైల్‌లో ప్రెషర్ వెయ్యి బార్లు దాటుతాది, సన్నని ధార చర్మంలోకి దూరిపోతాది. అవి షెడ్డు పనులు. మెకానిక్‌కు ఇచ్చే కూలి దండగ కాదు.

చివరగా ఒక చిన్న పని. మీ కారు ఇప్పుడు బాగానే ఉంది కదా. రాత్రి సద్దు లేనప్పుడు కీ ఆన్ చేసి, ఆ రెండు సెకన్ల శబ్దాన్ని ఫోన్లో రికార్డు చేసి పెట్టుకోండి. బాగున్నప్పుడు ఎట్ల పలుకుతాదో తెలిస్తేనే, పలకనప్పుడు తెలుస్తాది. ఉంటా ఫ్రెండ్స్, తర్వాతి ఎపిసోడ్‌లో కలుద్దాం.